గిలా సిటీ బంగారం నదిలో లేదు, వంకల్లో ఉంది

అరిజోనాలో యూమాకు తూర్పున, గిలా నది ఒడ్డున ఉన్న పాత బంగారు తిన్నెల (ఇసుక, గులకల్లో బంగారం చిక్కుకున్న నేలల) గురించి మీరు మూడు సంగతులు అడిగారు. ఎడారిలో బంగారం ఎలా పోగైంది? నీళ్లు కరువైన చోట అప్పటివాళ్లు దాన్ని ఎలా తీశారు? ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉండే మనవాళ్లు వారాంతంలో వెళ్లి చేతి పనిముట్లతో ప్రయత్నించాలంటే ఎలా? అన్నిటికంటే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి, కొత్తగా వెళ్లేవాళ్లు పొరబడేది ఇక్కడే. గిలా సిటీ బంగారం నది ఇసుకలో లేదు. నదికి దక్షిణాన గిలా కొండల అంచు నుంచి దిగే ఎండు వంకల్లో, వాటి పక్క గట్ల మీద ఉంది. నది ఇచ్చింది నీళ్లు మాత్రమే. పాన్ (బంగారం గాలించే వెడల్పు పళ్లెం) పట్టుకుని నేరుగా నది ఒడ్డుకు వెళ్తే రోజంతా బురద గాలించడమే అవుతుంది.

ఆ దక్షిణపు ఒడ్డు మెక్సికో నుంచి అమెరికా చేతికి వచ్చింది 1854లో, గాడ్స్‌డెన్ కొనుగోలుతో. నాలుగేళ్లకే, 1858లో, టెక్సస్ నుంచి వచ్చిన జేకబ్ స్నైవ్లీ యూమాకు సుమారు 20 మైళ్ల ఎగువన బంగారు రజను కనిపెట్టాడు. అదే ఏడు సెప్టెంబరులో మొదలైన బటర్‌ఫీల్డ్ టపా బండ్లకు దారి ఇదే కాబట్టి కబురు త్వరగా పాకింది. 1861 నాటికి వెయ్యిన్నీ రెండు వందల మంది చేరారని చెబుతారు. సైన్యంలో లెఫ్టినెంటుగా చేసిన సిల్వెస్టర్ మౌరీ ఇక్కడ మనిషికి రోజుకు 20 నుంచి 125 డాలర్ల దాకా పడుతోందని, ఎనిమిది పారల మట్టిలో 20 డాలర్ల పైచిలుకు రావడం చూశానని రాశాడు. ఔన్సు 20.67 డాలర్లున్న రోజులవి. అంటే 20 డాలర్లు సుమారు 30 గ్రాములు, మన లెక్కలో రెండున్నర తులాలు. ఈ అంకెను చదివేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. మౌరీ అరిజోనాను ప్రత్యేక టెరిటరీ చేయించాలని వాషింగ్టన్ చుట్టూ తిరిగిన మనిషి, జనం రావడం అతనికి కావాలి. అంకె నిజమే అనుకున్నా ఎనిమిది పారల్లో రెండున్నర తులాలంటే అది తిన్నె సగటు కాదు, ఒకచోట పోగుపడిన గుంట. అలాంటి గుంటలు మొదటి రెండు మూడేళ్లలోనే అయిపోతాయి, ఇక్కడా అదే జరిగింది.

1862 మొదట్లో రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. పశ్చిమ తీరమంతా ముంచిన ఆ శీతాకాలపు వరదల్లో గిలా పొంగి ఊరిని ఊడ్చేసింది. అదే జనవరిలో కొలరాడో నది తూర్పు ఒడ్డున, ఉత్తరంగా లా పాజ్ దగ్గర పాలీన్ వీవర్ బృందానికి ఇంకా మంచి తిన్నెలు దొరికి జనం అటు మళ్లారు. 1864లో రాస్ బ్రౌన్ అనే రచయిత వచ్చేసరికి గిలా సిటీలో మిగిలినవి మూడు పొగగొట్టాలు, ఒక కొయోటీ. ఆ చోటును ఇప్పుడు డోమ్ అంటారు.

బంగారం ఎలా చేరిందన్నదానికి వద్దాం. గిలా కొండల ఉత్తర కొస పాత నైస్, షిస్టు రాళ్లు. వాటిలో అక్కడక్కడా పలుగురాతి చారలు, ఆ చారల్లో బంగారం. ఇదే కొండల వరసలో దక్షిణంగా ఉన్న ఫార్చునా గనిలో 1896 నుంచి 1904 దాకా రాతి బంగారమే తవ్వారు. ఎండకు, చలికి రాయి పగిలి, పలుగు ముక్కలైపోగా బరువైన బంగారం వాలు మీదే వెనకబడుతుంది. తర్వాత వానకు వంకలోకి దిగుతుంది.

ఏడాది పొడుగునా పారే నదికీ ఎడారి వంకకూ తేడా ఇక్కడే వస్తుంది. నది ఒకే గులకను వేలసార్లు కదిలించి, బరువైనదాన్ని కొంచెం కొంచెంగా అడుగురాతి దాకా దింపుతుంది. ఎడారి వంకలో రెండు మూడేళ్లకోసారి మేఘం విరుచుకుపడి, బురద, ఇసుక, గుండ్లు అన్నీ కలిసి కొన్ని గంటలు దొర్లి, ఉన్నచోటే ఆగిపోతాయి. వేరుపడే వ్యవధి ఉండదు. అందుకే బంగారం ఒక్క అడుగురాతి మీదే కాకుండా ఒక్కో వరద అడుగున ఒక్కో సన్నని పొరగా చిక్కుకుంటుంది. ఆ పొరలు కూడా తెగిపోయి, ముక్కలుగా ఉంటాయి. ఒకచోట కనబడి, బారెడు దూరంలో ఏమీ లేకపోవడం ఇక్కడ మామూలు.

రెండో తేడా సున్నపు పొర. వాననీరు లోపలికి ఇంకి, ఆవిరైపోయి, కరిగిన సున్నాన్ని అక్కడే వదిలేస్తుంది. వేల ఏళ్లకు అది గులకల్ని పట్టి కాంక్రీటులా బిగుసుకుంటుంది. స్థానికులు దాన్ని కలీచీ అంటారు. తెల్లగా, సుద్ద పూసినట్టు కనిపిస్తుంది. తర్వాతి వరదలకు అదే అడుగురాయి అవుతుంది కాబట్టి దాని పైమట్టానికి ఆనుకుని ఉన్న నాలుగు అంగుళాల మట్టిని వదలకూడదు. అసలు అడుగురాయి దొరికే దాకా తవ్వాలని పట్టుబట్టి, పైనున్న ఈ పొరను చూడకుండా పక్కకు పారబోసేవాళ్లు చాలామంది. కలీచీ పెళ్లల్లో కూడా బంగారం ఇరుక్కుని ఉంటుంది. పెళ్లల్ని సుత్తితో కొట్టి, జల్లించి చూడాలి. బంగారం దూరం ప్రయాణించలేదు కాబట్టి ఇక్కడి రజను అంచులు గరుకుగా ఉంటాయి, ఒక్కోసారి పలుగు ముక్క అంటుకునే ఉంటుంది. బాగా గరుకుగా కనిపిస్తే మూలం దగ్గరలోనే, పైవాలులో ఉందని అర్థం.

నీళ్లు లేకుండా తీయడం ఎలా? గిలా సిటీలో రెండు దారులుండేవి. ఒకటి, వంకలో మట్టి తవ్వి, జల్లించి, గుర్రాల మీద నది దాకా మోసి అక్కడ కడగడం. మోత ఖర్చు దండగ కాకుండా ఉండాలంటే మట్టి బాగా గొప్పదై ఉండాలి, కాబట్టి మంచి గుంటలకే అది పనికొచ్చింది. రెండోది, సోనోరా నుంచి వచ్చిన మెక్సికన్ల పద్ధతి: మట్టిని పూర్తిగా ఎండబెట్టి, దుప్పట్లో పోసి గాలిలోకి ఎగరేయడం. మన కళ్లంలో చేటతో తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దుమ్ము గాలికి పోయి, బరువైనది దుప్పట్లో మిగులుతుంది.

గాలితో చేసే పని నీళ్లతో చేసేదానికంటే ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే, దానికి కారణం లెక్కలో ఉంది. శుద్ధ బంగారం సాంద్రత 19.3, పలుగు ఇసుక 2.65. గాలిలో ఒకదానికొకటి 7.3 రెట్లు. నీళ్లలో రెండింటి నుంచీ 1 తీసేయాలి కాబట్టి 18.3కి 1.65, అంటే 11 రెట్లు. నీటిలో తేడా పెరుగుతుంది. అయస్కాంతానికి అంటే నల్ల ఇసుక సాంద్రత 5.2. గాలిలో దానికీ బంగారానికీ తేడా 3.7 రెట్లే. అందుకే గాలి మరలో (గాలి కొట్టి ఎండు మట్టిలోంచి బంగారాన్ని వేరుచేసే చిన్న యంత్రం, డ్రైవాషర్) చివరికి మిగిలేది నల్ల ఇసుకతో కలిసిన మడ్డి. ఆ కాస్త మడ్డిని మాత్రం నీళ్లలో గాలించాలి. పొడిగా తగ్గించి, నీళ్లతో ముగించడమే ఇప్పటికీ ఇక్కడ సరైన పద్ధతి.

ఎక్కడ తవ్వాలో చూపించే గుర్తులు నేల మీదే ఉంటాయి. ఎడారిలో కదలని రాళ్ల పైముఖం మీద నల్లటి మెరుపు పూత ఏర్పడుతుంది. అది పట్టడానికి వేల ఏళ్లు కావాలి. కాబట్టి 160 ఏళ్ల క్రితం తిరగేసిన రాయి ఈ రోజుకీ లేత రంగులో, నేల వైపున్న ముఖం పైకి పెట్టుకుని కనిపిస్తుంది. నల్లటి రాళ్ల మధ్య లేతరంగు మచ్చ కనబడితే అక్కడ మనిషి పనిచేశాడని తెలుసుకోవచ్చు. దగ్గరికి వెళ్లి చూడండి: పక్కపక్కనే రెండు కుప్పలు, ఒకటి గుప్పెడంత గులకలది, రెండోది మెత్తటి ఇసుకది, ఆ పక్కన చిన్న గొయ్యి. అది పాత గాలి మర పెట్టిన చోటు. గులకల కుప్ప జల్లెడ మీద మిగిలింది, ఇసుక కుప్ప మర వెనక పడింది. అలాంటి చోట కొత్త గొయ్యి తవ్వడం కంటే ఆ పాత గొయ్యి అంచున, తవ్వకుండా వదిలిన మట్టిని, ముఖ్యంగా పెద్ద గుండ్ల కింద మిగిలిన దాన్ని పరీక్షించడం మేలు. అప్పటివాళ్లకు గుండు కదపడం కష్టం, చాలాసార్లు చుట్టూ తవ్వి వదిలేశారు.

పరీక్ష ఇలా చేయండి. వంక లోపలి మలుపు, గుండు వెనక, కలీచీ పైమట్టం, గట్టు మీది పాత గులక పొర, ఈ నాలుగు చోట్ల నుంచి ఒక్కో 5 గ్యాలన్ల బకెట్ మట్టి తీసుకోండి. ఒక బకెట్ సుమారు 19 లీటర్లు, ఎండు మట్టి 30 కిలోల దాకా తూగుతుంది. అరంగుళం జల్లెడతో పెద్దవి తీసేసి, ఆ రాళ్లకు అంటిన బంకను మాత్రం గీకి మట్టిలోనే కలపండి. ఏ బకెట్ ఎక్కడిదో దాని మీద రాయండి. ఒక్కోదాన్ని విడిగా గాలించి కణాలు లెక్కపెట్టండి. ఒక బకెట్‌లో మూడు నాలుగు కణాలు కూడా కనబడకపోతే మర బిగించే శ్రమ పడకండి, ఇంకో చోటుకు వెళ్లండి. ఒక ఘనగజం వదులు మట్టి అంటే 40 బకెట్లు. చేతి మరతో ఇద్దరు మనుషులు రోజంతా కష్టపడితే ఒకటి రెండు ఘనగజాలకు మించి సాగదు. ఇన్ని చేతులు మారిన నేలలో పావు గ్రాము దొరికితే దాన్ని మంచి రోజు కిందే లెక్కేయాలి. పెట్రోలు ఖర్చు రాబట్టుకుందామని వెళ్లేవాళ్లకు ఇది పని కాదు.

గాలి మరలో భాగాలు తక్కువే: పైన వాలుగా జల్లెడ, దాని కింద తొట్టి, తొట్టి కింద అడ్డపట్టీలున్న వాలుపళ్లెం, పళ్లెం అడుగున గుడ్డ, ఆ గుడ్డ కింద తిత్తి. చేతి పిడి తిప్పితే తిత్తి గాలిని గుడ్డలోంచి కొట్టి కొట్టి వదులుతుంది. ఒక్కో కొట్టుకు ఇసుక లేచి, తేలికది పట్టీ దాటి కిందికి జారుతుంది, బరువైనది పట్టీ వెనక దిగుతుంది. సరిగ్గా పనిచేస్తుందా అనేది కళ్లతో తెలుస్తుంది. పట్టీల వెనక ఇసుక ఉడుకుతున్నట్టు కదులుతూ ఉండాలి, కదలకుండా గట్టిపడకూడదు. గట్టిపడితే పళ్లెం వాలు పెంచండి, లేదా మట్టి పోసే వేగం తగ్గించండి. పట్టీలు ఖాళీ అయి గుడ్డ కనిపిస్తే వాలు ఎక్కువైంది. అడ్డంగా మట్టం తప్పితే ఇసుకంతా ఒక పక్కకే పారి, ఆ పక్క బంగారాన్ని కొట్టుకుపోతుంది. రసమట్టం పెట్టి చూసుకోవడానికి నిమిషం పట్టదు, చాలామంది అదీ చేయరు.

ఎక్కువ బంగారం పోయేది తడి వల్లే. పైన ఎండినట్టున్నా అడుగు కింద చెమ్మ ఉంటుంది, వాన పడిన తర్వాత వారాల తరబడి ఉంటుంది. పిడికిట్లో గట్టిగా నొక్కి వదలండి. ముద్ద నిలబడితే పనికిరాదు. అలాంటి మట్టిలో సన్న రజను బంకకు అంటుకుని గులకతోపాటే బయటికి పోతుంది, మర ఎంత బాగున్నా ఆపలేదు. పట్టా మీద రెండు అంగుళాల మందాన పరిచి, ఎండలో తిరగేస్తూ ఆరబెట్టాక పోయండి.

మర నమ్మదగిందో లేదో తేల్చుకోవడానికి సీసపు గుళికలు చాలు. పది చిన్న సీసపు గుళికల్ని సుత్తితో చదునుగా కొట్టి, రంగు పూసి, ఒక బకెట్ మట్టిలో కలిపి మరలో పోయండి. సీసం సాంద్రత 11.3, బంగారం కంటే తేలిక. అది నిలిస్తే అంతే పరిమాణమున్న బంగారం తప్పక నిలుస్తుంది. తొమ్మిదో పదో తిరిగి రావాలి. ఆరే వస్తే మట్టి పోయడం ఆపి వాలు, వేగం సరిచేయండి. లెక్కకు రాని గుళికల కోసం వెనక కుప్పను గాలించి ఏరేయండి, సీసాన్ని నేలలో వదలకూడదు. పది బకెట్లకోసారి పళ్లెం ఖాళీ చేయండి. ఖాళీ చేసిన ప్రతిసారీ వెనక కుప్పలోంచి ఒక పాన్ మట్టి కూడా గాలించి చూడండి.

మడ్డిని గాలించడానికి వెడల్పు టబ్బులో 20 లీటర్ల నీళ్లు రోజుకు సరిపోతాయి, అవే నీళ్లు మళ్లీ మళ్లీ వాడవచ్చు. గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేయండి. ఎండిన సన్న రజనుకు నీరు అంటదు, తేలిపోయి పాన్ అంచు దాటిపోతుంది, సబ్బు దాన్ని ముంచుతుంది. తర్వాత ఎండబెట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టిన అయస్కాంతంతో నల్ల ఇసుక తీయండి. సంచి లేకుండా అయస్కాంతం తగిలిస్తే ఇసుకతోపాటు రజను కూడా వెళుతుంది. గాలింపులో వెండి రంగు పూసుకున్న కణాలు కనబడితే అది పాతకాలంలో వాడిన పాదరసం కావచ్చు. దాన్ని విడిగా మూతపెట్టి ఉంచండి, ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యి మీద కాల్చకండి. ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

దుమ్ము గురించి అందరూ తేలిగ్గా మాట్లాడతారు, నాకది చాలా పెద్ద విషయం. అరిజోనా మట్టిలో వ్యాలీ ఫీవర్ తెచ్చే శిలీంధ్రం ఉంటుంది. మట్టి రేగినప్పుడు దాని విత్తులు గాలిలో కలుస్తాయి. గాలి మర పనే దుమ్ము రేపడం. పైగా పలుగు దుమ్ము. ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు పెట్టుకోండి, మరకు గాలి వచ్చే వైపు నిలబడండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. వెళ్లొచ్చిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, దగ్గు, విపరీతమైన నీరసం వస్తే డాక్టరుకు ఎడారిలో మట్టి తవ్వామని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే మామూలు న్యుమోనియా అనుకుని మందులిస్తారు. నవంబరు నుంచి మార్చి లోపే వెళ్లండి, మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల తాగునీరు విడిగా ఉంచుకోండి. పాత సొరంగాల్లోకి, బావుల్లోకి అడుగు పెట్టకండి.

చట్టం సంగతి. అక్కడి భూమి ముక్కలు ముక్కలుగా వేరువేరు చేతుల్లో ఉంది. బీఎల్ఎం (ఫెడరల్ భూములు చూసే ప్రభుత్వ సంస్థ) ఆధీనంలోని ఖాళీ భూమిలో చేతి పనిముట్లు, పాన్, మెటల్ డిటెక్టరు, చేతితో లేదా బ్యాటరీతో నడిచే గాలి మర మామూలు వాడకం కింద వస్తాయి. ఇంజిన్లతో మట్టి తవ్వే యంత్రాలు, రసాయనాలు, పేలుడు పదార్థాలు రావు. అయితే ఆ భూమి మీద ఎవరి క్లెయిమూ (ఖనిజాల మీద నమోదు చేసుకున్న హక్కు) ఉండకూడదు. పాత పేరున్న వంకలు ఎక్కువగా క్లెయిముల్లోనే ఉంటాయి, కాబట్టి బీఎల్ఎం వారి ఎంఎల్ఆర్ఎస్ (ఆన్‌లైన్ ఖనిజ, భూమి రికార్డులు) లో సెక్షన్ (సర్వేలో భూమి ముక్క) నంబరుతో వెతికి, తర్వాత నేల మీద గుర్తు కొయ్యలు, రాళ్ల గుట్టలు ఉన్నాయేమో చూడండి. రెండూ చూడాలి, ఒకటి సరిపోదు. ఉత్తరాన యూమా ప్రూవింగ్ గ్రౌండ్, దక్షిణాన గోల్డ్‌వాటర్ రేంజ్ సైన్యానివి, పేలని గుండ్లుంటాయి, కంచె లేకపోయినా గీత దాటకండి. రాష్ట్ర ట్రస్టు భూమికి తీసుకునే విహార పర్మిట్‌తో ఖనిజాలు తవ్వడం కుదరదు. తెగల భూమిలో వారి అనుమతి లేనిదే కాలు పెట్టకూడదు.

సొంతంగా క్లెయిమ్ వేయాలనుకునే మనవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. 1872 గనుల చట్టం ప్రకారం ఆ హక్కు అమెరికా పౌరులకు, పౌరులు కావాలన్న ఉద్దేశాన్ని ప్రకటించినవాళ్లకే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు లేదు. దొరికింది అమ్మి ఆదాయం చూపించాలనే ఆలోచన ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. ఇదే పని మన ఊళ్లో చేయవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు ఉన్నారు కానీ, అక్కడి బంగారం గట్టి రాతిలో ఉంది. మన దేశంలో ఖనిజం తవ్వాలంటే 1957 చట్టం కింద లీజు కావాలి. అరిజోనాలో ఉన్న వెసులుబాటు అక్కడ లేదు.

పాత డబ్బాలు, సీసాలు, గుర్రపు నాడాలు, ఇనుప ముక్కలు కనిపిస్తాయి. ఫెడరల్ భూమిలో వందేళ్లు దాటిన పురావస్తువుల్ని తీసుకెళ్లడం 1979 చట్టం కింద నేరం. ఫోటో తీసుకుని ఉన్నచోటే వదిలేయండి. మీరు తవ్విన గొయ్యిని వెళ్లే ముందు పూడ్చి, తీసిన గులకల్ని పైన పరచండి. తవ్విన అంచు కింద వాలులోకి సొరంగంలా తొలవకండి. సున్నంతో బిగిసినట్టు కనబడే గులక గట్టు కింద మెత్తటి మట్టి తీసేస్తే పైభాగం ఒక్కసారిగా ఊడి పడుతుంది, చేతి తవ్వకంలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాగే. నడుము లోతు దాటితే గోడల్ని నిలువుగా ఉంచకుండా వాలుగా కోయండి, ఎప్పుడూ ఇద్దరుగా వెళ్లండి, ఒకరు గోతిలో ఉన్నంతసేపూ రెండోవారు పైనే ఉండాలి.